విశాఖ పాతనగరం, సాగరతీరం: పునరభివృద్ధి ప్రణాళికను అంచెలంచెలుగా రూపొందించే పద్ధతి

విశాఖపట్నంలో తీరాభివృద్ధి అనగానే చాలామందికి ఆర్కే బీచ్, బీచ్ రోడ్డు, కురుసుర జలాంతర్గామి మ్యూజియం గుర్తుకు వస్తాయి. నగరం పుట్టి పెరిగిన చోటు మాత్రం అక్కడికి దక్షిణాన, పోర్టును ఆనుకుని ఉన్న వన్‌టౌన్. కురుపాం మార్కెట్, కోటవీధి, బురుజుపేట, పాత పోస్టాఫీసు, టౌన్‌హాల్, చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి పక్కపక్కనే వెలసిన కొండలు అన్నీ సముద్రానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. అయినా అక్కడివాళ్లు నీటి అంచు దాకా నడిచి వెళ్లాలంటే పోర్టు, నౌకాదళం, ఫిషింగ్ హార్బరు గేట్ల మధ్య దారి వెతుక్కోవలసిందే. పాతనగరాన్నీ తీరాన్నీ వేరువేరు పథకాలుగా చూడడం వల్ల రెండూ నష్టపోయాయన్నది నా దృఢమైన అభిప్రాయం. ఈ రెండింటినీ ఒకే ప్రణాళికలోకి తేవాలనుకునే వార్డు ప్రతినిధులు, కాలనీ సంఘాలు, ప్లానింగ్ విద్యార్థులు, ఇంజినీర్లు ఏ పని తరువాత ఏ పని చేపట్టాలో ఈ మార్గదర్శి వివరిస్తుంది.

పద్ధతి అంతటికీ ఆధారం ఒక్కటే: కదిలేవాటిని ముందు కొలవాలి, కదలనివాటిని తరువాత గీయాలి. ఇసుక కదులుతుంది, వాననీరు కదులుతుంది, పడవలు, లారీలు, చేపల తట్టలు, గుడికి వచ్చే జనం కదులుతారు. గోడలు, మెట్లు, భవనాలు కదలవు. సాధారణంగా మన దగ్గర రంగుల బొమ్మ ముందు తయారవుతుంది, దానికి తగినట్టు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) రాస్తారు, ఆ తరువాతే సముద్రం సంగతి గుర్తుకు వస్తుంది. ఈ వరసను తిరగవేయడమే ఇక్కడ ప్రతిపాదిస్తున్న పని.

మొదటి అంచె: రెండు సరిహద్దులు గీయడం

ప్రణాళికకు ఒకటి కాదు, రెండు సరిహద్దులు కావాలి. మొదటిది అధ్యయన సరిహద్దు, రెండోది పనుల సరిహద్దు. అధ్యయన సరిహద్దును వార్డుల పటం చూసి గీయకూడదు. సముద్రం వైపు అది హార్బరుకు దక్షిణాన ఉన్న డాల్ఫిన్ నోస్ కొండ నుంచి కనీసం రుషికొండ దాకా సాగాలి, ఎందుకంటే ఒక చోట ఆగిన ఇసుక మరో చోట లోటుగా తేలుతుంది. నేల వైపు అది గెడ్డలు (వాగులు) పుట్టే కొండవాలుల దాకా వెళ్లాలి. పనుల సరిహద్దు ఇంతకన్నా చాలా చిన్నదిగా ఉండవచ్చు. వన్‌టౌన్, పూర్ణా మార్కెట్, జగదాంబ కూడలి, కేజీహెచ్ ఆసుపత్రి పరిసరాలు, ఫిషింగ్ హార్బరు, బీచ్ రోడ్డు దక్షిణ కొసన ఉన్న కోస్టల్ బ్యాటరీ నుంచి పెదజాలారిపేట దాకా ఉన్న తీరం అందులో చేరితే చాలు.

రెండు సరిహద్దులనూ ఒకే పటం మీద చూపడం అవసరం. లేకపోతే పనుల సరిహద్దుకు బయట జరిగే నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

రెండో అంచె: ఇసుకను, నీటిని అర్థం చేసుకోవడం

దీనికి కనీసం ఒక పూర్తి సంవత్సరం కేటాయించాలి. తక్కువ కాలంలో చేసిన కొలతలు తప్పుదారి పట్టిస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఒడ్డు వెంట ఉత్తరంగా తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత దక్షిణంగా వెనక్కి తెస్తాయి. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ. జనవరిలో కొలిచినవారికీ ఆగస్టులో కొలిచినవారికీ ఒకే బీచ్ రెండు బీచ్‌లుగా కనిపిస్తుంది.

పోర్టు 1933లో ప్రారంభమైంది, ఔటర్ హార్బరు 1976లో అందుబాటులోకి వచ్చింది. హార్బరును అలల నుంచి కాపాడే బ్రేక్‌వాటర్లు దక్షిణం నుంచి వచ్చే ఇసుకను కూడా ఆపుతాయి. అలా ఆగిన ఇసుకను డ్రెడ్జింగ్ చేసి ఆర్కే బీచ్ వైపు పంపడం అందుకే ఏళ్ల తరబడి సాగుతున్న ఏర్పాటు. అంటే మనం ప్రకృతి ఇచ్చిన బీచ్‌గా చూస్తున్నది చాలావరకు యంత్రాల సాయంతో నిలబడిన బీచ్. ఒక ఏడాది ఇసుక తక్కువగా వస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ప్రణాళికలో సూటి జవాబు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా నగరం దగ్గరే తీరం దాటింది. 2021 డిసెంబరులో చిల్డ్రన్స్ పార్కు దగ్గర తీరం కోతకు గురై పార్కు నేల బీటలు వారి కుంగింది. ఒకటి మహా తుపాను, రెండోది ఏ సంవత్సరమైనా రాగలిగే కోత. ప్రణాళిక ఈ రెండింటికీ విడివిడిగా సిద్ధపడాలి.

ఇదే తూర్పు తీరంలో పుదుచ్చేరి అనుభవాన్ని శ్రద్ధగా చదవాలి. 1980ల చివర అక్కడ హార్బరు బ్రేక్‌వాటర్లు కట్టిన తరువాత ఉత్తరాన ఉన్న పట్టణపు బీచ్ కరిగిపోయి రాళ్లగోడ మిగిలింది. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఆధ్వర్యంలో నీటి అడుగున ఉక్కు రీఫ్ అమర్చి, ఇసుక పోశాక బీచ్ కొంతమేర తిరిగి ఏర్పడింది. రాళ్లగోడ రోడ్డును కాపాడుతుంది, బీచ్‌ను మాత్రం కాపాడలేదు. పైగా గోడ చివర నుంచి కోత పక్క ఊరికి జరుగుతుంది. ఆర్కే బీచ్ దగ్గర గోడ కడితే ఆ నష్టం లాసన్స్ బే, జాలారిపేటల ఒడ్డున తేలే ప్రమాదం ఉంది.

కొలవడానికి చేయవలసిన పని కష్టమైనది కాదు. కోస్టల్ బ్యాటరీ నుంచి ఉత్తరానికి నిర్ణీత దూరాల్లో స్థిరమైన గుర్తులు పెట్టి, ప్రతి గుర్తు నుంచి నీటి అంచు దాకా ఇసుక ఎత్తును రుతుపవనాలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, తుపాను వెళ్లిన వెంటనే ఒకసారి నమోదు చేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తీరానికి దగ్గరలోనే ఉంది. విద్యార్థుల చేత ఈ పనిని ఏటా చేయించడం సాధ్యమే.

ఇక వాననీరు. ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటాం. నగరంలోని గెడ్డలు కొండల మీద పడిన వానను గంటల వ్యవధిలోనే సముద్రానికో హార్బరుకో చేర్చేవి. ఇప్పుడు వాటిలో చాలావరకు సిమెంటు కాలువలుగా మారి, వానతోపాటు ఇళ్ల మురుగునూ మోస్తున్నాయి. భారీ వాన పడిన మరునాటి ఉదయం గెడ్డ బీచ్‌లో కలిసే చోట నిలబడి చూడండి. నల్లటి నీరు ఇసుకలో మోకాలి లోతు చాలు కోసుకుని సముద్రంలోకి దిగుతూ ఉంటుంది, దాని రెండు గట్ల మీద ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బొండాల డొక్కలు వరస కట్టి ఉంటాయి. ఆ చాలు పక్కనే కోట్ల ఖర్చుతో రాతి బెంచీలు వేయడం కన్నా, ఆ గెడ్డలోకి మురుగు ఎక్కడెక్కడ కలుస్తుందో పైదాకా నడిచి గుర్తించడం ముందు చేయవలసిన పని. ప్రతి మురుగు గొట్టానికీ ఒక నంబరు ఇచ్చి, దానిని భూగర్భ డ్రైనేజీకి కలిపే ఖర్చును ప్రణాళికలో మొదటి పద్దుగా రాయాలి.

విశాఖలో ఆటుపోట్ల మధ్య తేడా పెద్ద పోటు రోజుల్లో కూడా ఇంచుమించు ఒకటిన్నర మీటరే. అది తక్కువగా కనిపించినా, పోటు సమయంలోనే కుండపోత వాన పడితే పల్లంలో ఉన్న కాలువల నోళ్లు మూసుకుపోయి నీరు వీధుల్లోకి ఎదురు తన్నుతుంది. అందువల్ల కాలువల లెక్కను వాన తీవ్రత ఒక్కదాని మీద వేయకుండా, పోటు, వాన రెండూ కలిసి వచ్చిన ఘడియకు వేయాలి.

మూడో అంచె: నేల ఎవరిదో తేల్చడం

ఈ ప్రాంతంలో భూమి ఒక్క యజమాని చేతిలో లేదు. పోర్టు అథారిటీ, నౌకాదళం, రైల్వే, జీవీఎంసీ (నగరపాలక సంస్థ), వీఎంఆర్‌డీఏ (మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ), రెవెన్యూ శాఖ, మత్స్యశాఖ, దేవాదాయ శాఖ, వక్ఫ్ బోర్డు, చర్చిల ఆస్తులు, వారసుల మధ్య పంపకాలు తేలని పాత ఇళ్లు అన్నీ కలగలిసి ఉన్నాయి. టౌన్ సర్వే నంబర్ల వారీగా ఒక పట్టిక తయారు చేసి, ప్రతి ముక్కకూ యజమాని, అనుభవదారు, లీజు గడువు, కోర్టు వివాదం అనే నాలుగు వరుసలు నింపాలి. యజమాని, అనుభవదారు వేరువేరుగా ఉన్న చోటే ప్రణాళికలు ఆగిపోతాయి కనుక ఆ ముక్కలను పటం మీద ప్రత్యేక రంగుతో చూపాలి.

పోర్టు విషయంలో ఒక సంగతి తప్పక తెలిసి ఉండాలి. 2021 నాటి మేజర్ పోర్ట్ అథారిటీల చట్టం ప్రకారం పోర్టు బోర్డు తన పరిధిలోని అభివృద్ధికి సొంత మాస్టర్ ప్లాన్ వేసుకోవచ్చు, అది స్థానిక నిబంధనలకు లోబడి ఉండనక్కరలేదు. కాబట్టి జీవీఎంసీ కౌన్సిల్ తీర్మానం చేసినంత మాత్రాన పోర్టు గోడ ఒక్క అడుగు కూడా జరగదు. పోర్టును సంప్రదించవలసిన సంస్థగా కాక ప్రణాళికలో భాగస్వామిగా మొదటి రోజు నుంచే కూర్చోబెట్టాలి. ఏ స్థలంలో ప్రజలకు నడిచే దారి ఇస్తారో, ఏ యార్డు నుంచి బొగ్గు, ఖనిజం ధూళి రాకుండా ఏ ఏర్పాటు ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. వన్‌టౌన్‌లో చాలా ఇళ్లలో ఉదయం తుడిచిన కిటికీ చట్రం మీద సాయంత్రం వేలు రాస్తే నల్లగా అంటుతుంది. ఆ ధూళి తగ్గకుండా పాత ఇళ్లకు రంగులు వేయించడం డబ్బు వృథా చేయడమే.

నౌకాదళం సంగతి వేరు. విశాఖ విమానాశ్రయం నౌకాదళ వైమానిక స్థావరం కూడా కనుక భవనాల ఎత్తుకు నిరభ్యంతర పత్రం అవసరమవుతుంది, రక్షణ స్థలాల పొరుగున కట్టడాలకు ఆంక్షలూ ఉంటాయి. ఎత్తు పరిమితులు తెలియకుండా అంతస్తులు ఊహించుకోకూడదు.

నాలుగో అంచె: అక్కడ బతుకుతున్నవారిని లెక్కలోకి తీసుకోవడం

జనాభా లెక్క ఒక్కటే సరిపోదు. ఒక రోజులో, ఒక ఏడాదిలో ఆ స్థలాన్ని ఎవరు ఎప్పుడు ఎలా వాడుకుంటారో రాయాలి.

ఫిషింగ్ హార్బరుతో మొదలుపెట్టాలి, అదీ తెల్లవారకముందే. బోటు దిగిన చేప ముందు వేలానికి, అక్కడి నుంచి ఐసు పెట్టెల్లోకి, వ్యాపారుల వ్యాన్లలోకి, తట్టలు నెత్తికెత్తుకుని నగరమంతా తిరిగే మహిళల చేతుల్లోకి పోతుంది. ఐసు విరగ్గొట్టే చోటు, వలలు బాగుచేసే చోటు, ఎండుచేపలు ఆరబోసే చోటు, డీజిలు నింపే చోటు, తట్టలు కడుక్కునే కుళాయి అన్నింటికీ నేల కావాలి. పటంలో ఇవి ఖాళీ స్థలాలుగానే కనిపిస్తాయి, అందుకే ఎవరో వచ్చి అక్కడ ఫుడ్ కోర్టు గీస్తారు. పెదజాలారిపేట లాంటి చోట్ల ఒడ్డున పరిచిన వల కూడా అంతే. దానికి పట్టే ఇసుక నేల వాళ్ల పనిముట్లలో ఒక భాగం, దానిని పటంలో ఆ పేరుతోనే చూపాలి.

వేట నిషేధాన్ని కూడా ఇక్కడే గమనించాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆగుతుంది. హార్బరు పనులకు ఇదే అనువైన కాలమని పైపైన చూసేవారికి తోస్తుంది. నిజానికి ఆ రెండు నెలల్లోనే బోట్లన్నీ ఒకేసారి ఒడ్డున ఉంటాయి. మరమ్మతులు, రంగులు, ఇంజిను పనులు అన్నీ అప్పుడే జరుగుతాయి. కాబట్టి జెట్టీ సామర్థ్యాన్ని నిషేధకాలపు రద్దీని బట్టి లెక్కించాలి, జెట్టీ మూసివేసే పనులను బోట్లు సముద్రంలో ఉండే నెలలకు ముక్కలు ముక్కలుగా పంచాలి. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో చెలరేగిన అగ్నిప్రమాదంలో పదుల కొద్దీ బోట్లు తగలబడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి ఆనించి కట్టిన బోట్లలో మంట ఎంత వేగంగా పాకుతుందో ఆ రాత్రి నగరమంతా చూసింది. బోట్ల వరసల మధ్య నీటి ఖాళీలు, నీటి వైపు నుంచి కూడా మంట ఆర్పే ఏర్పాటు, ఇంధనం నిల్వకు వేరు చోటు ఏ సుందరీకరణకన్నా ముందు రావాలి.

వన్‌టౌన్ వైపు వస్తే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఆలయం ఉంది. మార్గశిర మాసం వచ్చిందంటే, ముఖ్యంగా గురువారాల్లో, ఆ ఇరుకు వీధుల్లో క్యూలైన్లు మైళ్ల పొడవున సాగుతాయి. ఆ రోజుల్లో అంబులెన్సు ఏ వీధి గుండా వెళ్లగలదు, తాగునీరు ఎక్కడ, మరుగుదొడ్లు ఎక్కడ అన్న ప్రశ్నలకు జవాబిచ్చే వీధి ప్రణాళిక మిగిలిన పదకొండు నెలలకూ సరిపోతుంది. శివరాత్రి జాగరణకు, కార్తిక స్నానాలకు, నేవీ డే విన్యాసాలకు బీచ్ రోడ్డు మీదకు వచ్చే జనాన్ని కూడా ఇలాగే లెక్కించి ఉంచుకోవాలి.

వీధి వ్యాపారుల విషయంలో 2014 నాటి చట్టం చాలా స్పష్టంగా ఉంది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, అందులో మూడో వంతు మహిళలు ఉండాలి. నగర జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలి. 2011 జనాభా లెక్కల్లో జీవీఎంసీ జనాభా 17.28 లక్షలు, ఆ లెక్కన చూసినా 43 వేల మందికి పైగా వస్తారు. యాభై ఏళ్లకు పైగా సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా గుర్తించి, అక్కడివారిని తరలించకూడదని కూడా ఆ చట్టం చెబుతోంది. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ల చుట్టూ తరాలుగా కూర్చుని అమ్ముకునేవారి దగ్గర పాత ఆశీలు రసీదులు, ఫొటోలు, సంఘాల పుస్తకాలు దొరుకుతాయి. వాటిని ఇప్పుడే సేకరించి వెండింగ్ కమిటీ ముందు పెట్టడం ఈ అంచెలో చేయదగిన అత్యంత విలువైన పనుల్లో ఒకటి.

అహ్మదాబాదులో సబర్మతి తీరాభివృద్ధికి 1997లోనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. నది ఒడ్డున ఉన్న పేద కుటుంబాలు వేల సంఖ్యలో తరలిపోవలసి వచ్చింది, పునరావాసం కోసం 2005లో హైకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. నడక దారులు అందంగా వచ్చాయన్నది నిజమే. పునరావాసాన్ని మొదటి పనిగా రాసుకుని ఉంటే కోర్టు మెట్లు ఎక్కే అవసరం అంతగా ఉండేది కాదు. మన ప్రణాళికలో తరలింపు తప్పనిసరి అయిన ప్రతి ఇంటికీ నడక దూరంలోనే కొత్త చోటు చూపాలన్న నియమం పెట్టుకోవాలి. కొండవాలు మీద ఉన్న ఇళ్లలో ప్రమాదకరమైనవి కొన్నే ఉంటాయి. మిగిలినవాటికి మెట్ల దారి, కాలువ, రక్షణ గోడ ఇస్తే చాలు.

ఐదో అంచె: చట్టాల చట్రాన్ని పటం మీద పరచడం

తీరప్రాంత క్రమబద్ధీకరణ మండల నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, ఇక్కడ అన్నింటికన్నా ముఖ్యం. 2019 నాటి నోటిఫికేషన్ ప్రకారం పోటు గీత నుంచి నేల వైపు 500 మీటర్లు, పోటు నీరు చేరే గెడ్డలు, కాలువల ఒడ్డున 50 మీటర్లు లేదా ఆ కాలువ వెడల్పు, రెండింటిలో ఏది తక్కువైతే అది దీని పరిధిలోకి వస్తుంది. ఇప్పటికే కట్టడాలతో నిండిన నగర ప్రాంతం రెండో తరగతి. అందులో ప్రస్తుతం ఉన్న రోడ్డుకు లేదా అనుమతి పొందిన కట్టడానికి నేల వైపున మాత్రమే భవనాలకు వీలుంటుంది. సముద్రం వైపు కొత్త రోడ్డు వేసి, దానిని చూపించి మరింత ముందుకు జరగడం కుదరదు. బీచ్ మీద తాత్కాలిక సదుపాయాలకు పరిమితంగా అవకాశం ఉంది.

ఆమోదించిన తీరప్రాంత నిర్వహణ పటాన్ని వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్ మీద, దానిని మళ్లీ టౌన్ సర్వే పటం మీద పరిచి చూస్తే ఏ ముక్కలో ఏమి సాధ్యమో చాలావరకు తేలిపోతుంది. భూసేకరణ తప్పకపోతే 2013 చట్టం వర్తిస్తుంది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పనులకు 70 శాతం, ప్రైవేటు సంస్థల పనులకు 80 శాతం ప్రభావిత కుటుంబాల సమ్మతి, సామాజిక ప్రభావ అధ్యయనం అవసరం. వన్‌టౌన్ లాంటి చోట సేకరణకన్నా టీడీఆర్ బాండ్లు (వదులుకున్న స్థలానికి బదులుగా ఇచ్చే, మరోచోట వాడుకోగల నిర్మాణ హక్కు) మేలు. అయితే ఆ బాండ్లను ఎక్కడ వాడుకోవచ్చో ముందే చెప్పాలి. పాతనగరంలో తీసుకున్న బాండును పాతనగరంలోనే వాడనిస్తే ఇరుకు మరింత పెరుగుతుంది.

ఆరో అంచె: పాత వీధుల రూపాన్ని నిలబెట్టడం

పాత కట్టడాల జాబితా తయారు చేసేటప్పుడు టౌన్‌హాల్, క్వీన్ మేరీ పాఠశాల లాంటి పెద్దవాటితో ఆగిపోకూడదు. అరుగులున్న ఇళ్లు, బంగాళా పెంకుల కప్పులు, చెక్క స్తంభాల వసారాలు, వీధి బావులు, పాత దుకాణాల ముఖద్వారాలు కూడా రాయాలి. ప్రతి ఇంటికీ ఒక పుట చాలు: ఫొటో, కట్టిన పదార్థం, ఇప్పటి వాడకం, యజమాని కోరిక. చివరి అంశాన్ని చాలామంది విడిచిపెడతారు. ఇల్లు కూల్చి అపార్టుమెంటు కట్టుకోవాలనుకునే వారసుడికి మరమ్మతు సాయం, ఆస్తిపన్ను రాయితీ, బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు ఇవ్వకుండా వారసత్వం గురించి ఉపన్యాసం ఇస్తే ఫలితం ఉండదు.

సముద్రపు గాలి ఇక్కడ ఇనుమును త్వరగా తినేస్తుంది. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సముద్రపు తుంపర తగిలే కాంక్రీటుకు కనీసం ఎం35 శ్రేణి, ఇనుప కడ్డీల మీద 50 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. బీచ్ రోడ్డు మీద పగిలిన రెయిలింగులు, తుప్పు మరకలు తేలిన స్తంభాలు కనిపించినప్పుడల్లా టెండరు పత్రంలో ఈ ఒక్క వాక్యం ఉందో లేదో అడగాలి.

ఏడో అంచె: రాకపోకలు

పోర్టు లారీలకు నగరపు వీధులతో సంబంధం లేని దారి ఇవ్వడం, పాతనగరంలో మనుషులకు నీడ ఉన్న నడక దారి ఇవ్వడం, ఈ రెండూ జరిగితే సగం సమస్య తీరుతుంది. పార్కింగును పూర్ణా మార్కెట్, జగదాంబ అంచుల్లో కొన్ని చోట్లకే పరిమితం చేసి, లోపలి వీధుల్లోకి సరుకు బండ్లను తెల్లవారుజామున మాత్రమే అనుమతించాలి. 2023లో ప్రారంభమైన క్రూజ్ టెర్మినల్ నుంచి దిగే ప్రయాణికుడు వన్‌టౌన్‌లోకి నడిచి వచ్చే దారి లేకపోతే, ఓడ వచ్చిన లాభం బస్సు ఎక్కి అరకు వెళ్లిపోతుంది. ఆ దారి గీయడానికి పెద్ద ఖర్చు లేదు, పోర్టు భద్రతా సిబ్బందితో ఓపికగా మాట్లాడడమే కావాలి.

ఎనిమిదో అంచె: మూడు ప్రత్యామ్నాయాలు, బహిరంగ చర్చ

ఇప్పుడు గీయవచ్చు. ఒక్క బొమ్మ కాకుండా మూడు గీయాలి. ఏమీ కట్టకుండా మరమ్మతులు, మురుగు మళ్లింపు మాత్రమే చేసేది ఒకటి. పరిమితంగా కొత్త నిర్మాణాలు చేర్చేది ఇంకొకటి. విస్తృతమైన పునర్నిర్మాణం మూడోది. ప్రతిదానికీ ఖర్చు, తరలే కుటుంబాలు, పోయే లేదా వచ్చే ఉపాధి, ఇసుక మీద ప్రభావం ఒకే పట్టికలో చూపాలి. మొదటి ప్రత్యామ్నాయాన్ని నామమాత్రంగా పెట్టడం అన్యాయం. నా లెక్కలో చాలా వీధులకు అదే సరైనది.

చర్చ పెట్టే సమయం, చోటు ఎంచుకోవడంలోనే నిజాయితీ తెలుస్తుంది. హోటలు హాలులో ఉదయం పదకొండు గంటలకు సభ పెడితే జాలర్లు రారు, చేపలమ్మే మహిళలు అసలే రారు. జాలారిపేటల్లో మధ్యాహ్నం తరువాత, మార్కెట్లలో కొట్లు కట్టేసే వేళ, బస్తీల్లో రాత్రి భోజనాలకు ముందు పెట్టాలి. పటాలు తెలుగులో ఉండాలి, వీధుల పేర్లు జనం పిలిచేవే రాయాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒక నంబరు, దాని పక్కన తీసుకున్న నిర్ణయం, నిర్ణయానికి కారణం రాసి వార్డు సచివాలయంలో అంటించాలి. అభ్యంతరం రాసే పౌరులు కూడా 'ఈ ప్రాజెక్టు వద్దు' అని వదిలేయకుండా టీఎస్ (టౌన్ సర్వే) నంబరు, నష్టం స్వభావం, కోరుతున్న మార్పు మూడూ రాస్తే దానిని తోసిపుచ్చడం అధికారులకు కష్టమవుతుంది.

తొమ్మిదో అంచె: డబ్బు, దశలు, నిర్వహణ

2016 జనవరిలో ప్రకటించిన మొదటి ఇరవై స్మార్ట్ సిటీలలో విశాఖ ఉంది. ఆ పథకంలో కేంద్రం ఒక్కో నగరానికి ఐదేళ్లలో 500 కోట్ల రూపాయల దాకా ఇచ్చేలా, రాష్ట్రం, నగరపాలక సంస్థ అంతే మొత్తం కలిపేలా ఏర్పాటు ఉండేది. ఆ పథకం గడువు 2025 మార్చితో ముగిసింది. ఇక మీదట ప్రణాళిక తన రాబడిని తానే చూపుకోవలసి ఉంటుంది. పార్కింగు రుసుము, వారసత్వ భవనాల అద్దె, కొత్త నిర్మాణాల మీద మెరుగుదల రుసుము, టెర్మినలు నుంచి వాటా లాంటివి రాయవచ్చు. తీరంలో ప్రభుత్వ భూమిని అమ్మి నిధులు తెచ్చే దారిని నేను సమర్థించలేను. ఒకసారి అమ్మిన తీరం తిరిగి రాదు. లీజు అయితే గడువు తీరాక నగరం మళ్లీ ఆలోచించుకోగలదు.

దశల వరస ఇలా ఉంటే మంచిది. మొదటి దశలో గెడ్డల నుంచి మురుగు మళ్లింపు, హార్బరులో అగ్నిరక్షణ, వీధి వ్యాపారుల సర్వే, పునరావాస ఇళ్లు. రెండో దశలో వన్‌టౌన్ వీధులు, నీటి గొట్టాలు, భూగర్భ తీగలు, పాత ఇళ్ల మరమ్మతులు. ఒకే వీధిని రెండుసార్లు తవ్వకుండా గొట్టాలు, తీగలు, కాలువలు ఒకే టెండరులో ఉండాలి. మూడో దశలో మాత్రమే తీరపు నడక దారులు, కూర్చునే చోట్లు, దీపాలు. వీటిలోనూ తీరానికి అతి దగ్గరగా ఉండే భాగాలను విప్పి జరపగలిగేలా కట్టాలి. ఇసుకను పట్టి ఉంచే తీగమొక్కలు, కానుగ, పొన్న, సరుగుడు లాంటి ఉప్పుగాలికి ఓర్చే చెట్లు రాతి పలకలకన్నా చౌక, మన్నిక ఎక్కువ.

నిర్వహణ ఖర్చును నిర్మాణ వ్యయంతో కలపకుండా వేరే ఖాతాలో, కనీసం పదేళ్లకు రాయాలి. ఆ ఖాతాలో ఏటా ఇసుక పోసే ఖర్చులో ఎవరి వాటా ఎంతో పోర్టు అథారిటీ, జీవీఎంసీ, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య ఒప్పందంగా ఉండాలి. రెండో అంచెలో పెట్టిన గుర్తుల దగ్గర కొలతలు ఏటా రెండుసార్లు తీసి వార్డు సచివాలయాల్లో ప్రకటించాలి. ఏ గుర్తు దగ్గరైనా వరుసగా రెండేళ్లు తీరం వెనక్కి జరిగితే, ఆ గుర్తుకు ఉత్తరాన కొత్త పనులకు బిల్లులు చెల్లించకుండా ఆపి, ప్రణాళికలోని ఆ భాగాన్ని తిరిగి సమీక్షించాలన్న షరతును కౌన్సిల్ తీర్మానంలోనే చేర్చాలి.